బండిని పగలు చూసి కొంటున్నాం, హెడ్‌లైట్లను ఎప్పుడు చూస్తాం?

సంపాదకులు గారికి,

నమస్కారం. కుటుంబానికి సరిపడే ఎస్‌యూవీని ఎలా ఎంచుకోవాలో వివరిస్తూ మీ పత్రిక ఆదివారం ఇచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో అందరం చదివాం. మైలేజీ, డిక్కీ, సన్‌రూఫ్, ఎయిర్‌బ్యాగులు, తెర ఎన్ని అంగుళాలు అన్న సంగతులన్నీ ఓపికగా రాసిన ఆ వ్యాసంలో హెడ్‌లైట్ల గురించి ఉన్నది ఒక్క వాక్యమే: పై వేరియంట్‌లో ఎల్‌ఈడీ లైట్లు వస్తాయని. ఆ వాక్యం చాలదని, ఇల్లంతటినీ ఎక్కించుకొని రాత్రి ప్రయాణాలు చేసే మనలాంటి వాళ్లకు బండిలో ముందుగా చూడవలసిన వాటిలో హెడ్‌లైటు ఒకటని మనవి చేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఇంటర్ విద్యార్థులకు ఇరవై ఆరేళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యాను. దర్పణాలు, కటకాలు ప్రతి ఏడూ పాఠం చెప్పినప్పటికీ, నా బండి ముందున్న దీపాలను నేను శ్రద్ధగా చూసింది మాత్రం ఒక రాత్రి ప్రాణం గుప్పిట్లోకి వచ్చిన తర్వాతే.

అది యాసంగి వరికోతల కాలం. మా ఆడపడుచు గారి ఊరి నుంచి కోదాడకు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తిరిగి వస్తున్నాం. బండి నేనే నడుపుతున్నాను. వెనక సీట్లో మా అత్తయ్య, మా మనవరాలు ఉన్నారు. డివైడర్ లేని రోడ్డు, వీధి దీపాలు లేవు. పగలు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని సాయంత్రం కుప్పగా చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెట్టి ఉంచారు. ఊళ్లో కల్లాలు లేక రోడ్డెక్కిన రైతును నేను తప్పుపట్టను. ఎదురుగా ఒక లారీ దూరానికి పడే అప్పర్ లైట్లతో వస్తోంది. నేను కిందికి వాలి దగ్గరగా పడే డిప్పర్‌లోకి మార్చి, వేగం అరవైకి తగ్గించాను. లారీ దాటిన మరుక్షణం కళ్ల ముందు ఏమీ లేదు. ఆ చీకట్లో నాకు మొదట కనిపించింది కుప్పా కాదు, పట్టా కాదు, పట్టా అంచున ఎవరో సున్నం పూసి పెట్టిన ఒక్క రాయి. బ్రేకు మీద నిలబడితే బండి కుప్పకు మూరెడు దూరంలో ఆగింది. ఆ రాయికి సున్నం పూసిన చెయ్యి ఎవరిదోగాని, దానికి మా కుటుంబం రుణపడి ఉంది.

ఇంటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడుతుందనుకుంటే, ఆ లోపలే బండి 25 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి మరో 20 మీటర్లు పైనే కావాలి. ఇదే లెక్కన గంటకు 80 కిలోమీటర్లకు 70 మీటర్ల చిల్లర, 100కు 100 మీటర్ల పైచిలుకు అవసరం. కంటికి వస్తువు కనిపించే దూరం ఈ దూరం కంటే తక్కువైతే, ఎంత నేర్పున్న డ్రైవరైనా ఎంత మంచి బ్రేకులున్నా గుద్దక తప్పదు. విజయవాడ హైవే మీద రాత్రి డిప్పర్ లైట్లతో వందలో వెళ్లే మనం ఈ లెక్కను ఎప్పుడూ వేసుకోం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజు మొత్తంలో ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్యనే. అన్నింటికీ హెడ్‌లైట్లే కారణమని నేను అనడం లేదు. అయితే చీకటి పడుతున్న వేళకూ కంటిచూపుకూ ఉన్న సంబంధాన్ని బండి కొనేటప్పుడు మనం పూర్తిగా మరచిపోతున్నామని మాత్రం అంటున్నాను.

మా పాత బండి మధ్య వేరియంట్‌ది. దానిలో ఉన్నవి హాలోజన్ బల్బులు, వాటి వెనక వెండిపూత గిన్నెల్లాంటి రిఫ్లెక్టర్లు. హాలోజన్ చెడ్డదని చాలామంది తేలిగ్గా అనేస్తారు గాని, అది నిజం కాదు. మన రోడ్ల మీద ఎన్నో బళ్లలో ఉండే హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, అప్పర్‌కు 60 వాట్లది, డిప్పర్‌కు 55 వాట్లది. డిప్పర్ ఫిలమెంటు కింద దోసిలి పట్టినట్టు ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుగు చేరకుండా ఆపి, ఎదుటివాడి కంట్లోకి పోవలసిన కాంతిని అదే అడ్డుకుంటుంది. ఆ ఫిలమెంటు ఉండవలసిన చోట ఉంటేనే రిఫ్లెక్టర్ కాంతిని సరైన చోట పరుస్తుంది. చక్కగా రూపొందించిన హాలోజన్ దీపం నాసిరకం ఎల్‌ఈడీ దీపం కంటే మేలే.

ప్రొజెక్టర్ అన్న మాట షోరూముల్లో బాగా వినిపిస్తుంది. దాని లోపలి సంగతి తెలిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వెనక ఒక చిన్న దర్పణం, మధ్యలో అడ్డంగా ఒక రేకు, ముందు బడిలో మనమంతా చదువుకున్న కుంభాకార కటకం, అంతే. ఆ కటకం రేకు అంచును తలకిందులు చేసి ముందున్న గోడ మీదికి, రోడ్డు మీదికి పంపిస్తుంది. ప్రొజెక్టర్ డిప్పర్ వెలుగు పైభాగాన కత్తితో కోసినట్టు కనిపించే గీత ఆ రేకు నీడే. అప్పర్ వేసినప్పుడు చాలా బళ్లలో ఆ రేకు పక్కకు తప్పుకుంటుంది, ఒకే దీపం రెండు పనులూ చేస్తుంది. మన దేశంలో ఎడమవైపు నడుస్తాం కాబట్టి ఆ గీత కుడివైపు చదునుగా ఉండి, ఎడమవైపు కొంచెం పైకి ఎగబాకుతుంది. ఎదురుగా వచ్చేవాడి కంటిని కాపాడుతూనే, ఎడమ అంచున నడిచివెళ్లే మనిషినీ సైకిలునూ ముందుగా చూపించడానికి అలా అమర్చారు. కొనబోయే బండి లైటును గోడ మీద వేసి చూస్తే ఆ ఎగుడు ఎడమవైపు స్పష్టంగా కనిపించాలి.

ఇక ఎల్‌ఈడీ సంగతి. 2007లో లెక్సస్ తన ఎల్‌ఎస్ 600హెచ్ కారులో డిప్పర్‌కు ఎల్‌ఈడీని వాడినప్పుడు అది పెద్ద కార్లకే పరిమితమైన హంగు. ఇప్పుడు మధ్యతరగతి ఎస్‌యూవీల్లోనూ మామూలైపోయింది. అంతకు ముందు 1991లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చిన జెనాన్ దీపాలు 35 వాట్లతోనే 3,200 ల్యూమెన్ల (దీపం ఇచ్చే కాంతికి కొలత) దాకా ఇచ్చేవి, ఇప్పటి కొత్త బళ్లలో అవి దాదాపు కనుమరుగయ్యాయి. ఎల్‌ఈడీకి కరెంటు తక్కువ కావాలి, మన్నిక ఎక్కువ, వెలుగును చిన్నచిన్న భాగాలుగా ఎక్కడ కావాలంటే అక్కడికి పంపవచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే ఎల్‌ఈడీ అన్న పేరు వెలుగు ఎంత దూరం పడుతుందో చెప్పదు. ‘6000 కెల్విన్’ అని రాసి ఉంటే అది తెలుపు రంగుకు సంబంధించిన అంకె మాత్రమే, హాలోజన్ పసుపు దాదాపు 3200 కెల్విన్. పెద్ద అంకె ఎక్కువ వెలుగని అమ్మేవాడు చెబితే నమ్మవద్దు. ల్యూమెన్లు కూడా దీపం మొత్తం వెదజల్లే కాంతినే చెబుతాయి గాని, అది రోడ్డు మీద ఎక్కడ పడుతుందో చెప్పవు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, దూరాన ఉన్న గేదెను చూపించాలంటే వెలుగును ఆ దిక్కుకు ఒడుపుగా గురిపెట్టాలి. కొన్ని బళ్లలో బానెట్ ముందు పదిహేను మీటర్ల మేర పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది, చూడగానే అబ్బ అనిపిస్తుంది. కాని కంటిపాప ఆ దగ్గరి వెలుగుకు కుంచించుకుపోయి, దూరం మరింత నల్లబడుతుంది. షోరూము ముందు మురిపించేదీ హైవే మీద మోసం చేసేదీ ఆ తెలుపే.

పగటి దీపాలైన డీఆర్‌ఎల్‌లు చూసి హెడ్‌లైట్లని పొరబడేవారు కూడా ఉన్నారు. హారియర్, హెక్టర్ వంటి బళ్లలో పైన సన్నగా మెరిసేవి హెడ్‌లైట్లు కావు, అసలు దీపాలు కింద బంపర్ దగ్గర ఉంటాయి. దీపం కింద ఉంటే ఎదుటి చిన్న కారువాడి కంట్లో తక్కువ పడుతుంది, అది మంచిదే. కాని అదే వాలుతో వెలుగు చేరే దూరం కొంత తగ్గుతుంది, బురద తొందరగా పడుతుంది, చిన్న తాకిడికి కూడా దెబ్బ తగులుతుంది. ఇందులో ఇది మేలు, అది కీడు అని తేల్చి చెప్పను. రెండింటినీ రాత్రిపూట నడిపి చూసినవాళ్లకే తమ కంటికి ఏది నప్పుతుందో తెలుస్తుంది.

కుటుంబ ఎస్‌యూవీ విషయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది వేరొకటి ఉంది. ఆర్నెల్ల తర్వాత మేము పాత బండి మార్చి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లున్న ఎస్‌యూవీ తీసుకున్నాం. మొదటి నెల నేను ఒక్కదాన్నే నడిపినప్పుడు లైట్లు చక్కగా ఉన్నాయి. తర్వాత ఒక పెళ్లికి వెళ్లి అందరం కలిసి తిరిగి వస్తుంటే, నేను డిప్పర్‌లోనే ఉన్నా ఎదురొచ్చే ప్రతి బండీ నామీద లైట్లు కొడుతోంది. ఒక బైకు మీద వస్తున్న భార్యాభర్తలు ఏకంగా రోడ్డు దిగి మట్టిలో ఆగిపోయారు. బైకు నడుపుతున్న ఆయన ముంజేతిని కళ్లకు అడ్డం పెట్టుకొని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అప్పటివరకు ఎదుటివాళ్ల లైట్లను తిట్టుకున్న నేను, ఆ రాత్రి వాళ్ల స్థానంలోంచి నా బండిని చూశాను.

మర్నాడు సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాలు వెనక గోడ ముందు, చదునైన సిమెంటు నేల మీద బండి పెట్టించి, హెడ్‌లైటు నుంచి గోడకు టేపుతో సరిగ్గా పది మీటర్లు కొలిచాను. దీపం మధ్యభాగం నేల నుంచి 78 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో ఒక గీత, దానికి పది సెంటీమీటర్ల కింద, అంటే 68 దగ్గర ఇంకో గీత గీశాను. డిప్పర్ వెలుగు ప్రతి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి వాలాలన్నది మామూలు కొలత, ఆ లెక్కన పైఅంచు కింది గీత మీద పడాలి. నేనొక్కదాన్నే కూర్చుంటే అలాగే పడింది. తర్వాత వెనక నలుగురిని కూర్చోబెట్టి, డిక్కీలో రెండు సూట్‌కేసులు, 25 కిలోల బియ్యం బస్తా పెట్టాం. వెనక బంపర్ ఐదు సెంటీమీటర్లు దిగింది. గోడ మీద వెలుగు అంచు 68 నుంచి 86కు లేచింది. ఒక పక్క ఐదు సెంటీమీటర్లు దిగితే ఇంకో పక్క పద్దెనిమిది లేవడమేమిటని చూస్తున్నవాళ్లు ఆశ్చర్యపోయారు గాని, రెండున్నర మీటర్ల పైచిలుకు పొడవున్న చక్రాల మధ్య దూరానికి ఐదు సెంటీమీటర్ల వాలంటే, పది మీటర్లకు దాదాపు అంతే అవుతుంది. కిందికి వాలవలసిన వెలుగు ఇప్పుడు పైకి ఎక్కుతోంది. అదే వాలున యాభై మీటర్ల దూరానికి అది నేల నుంచి 118 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. చిన్న కారు నడిపేవారి కళ్లు ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే.

స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రాన్ని అప్పుడు తిప్పాను. రెండు మీదికి రాగానే వెలుగు మెల్లగా దిగి 70 దగ్గర ఆగింది. ఆ చక్రం మా పాత బండిలోనూ ఉండేది, రెండేళ్లలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. బండి చేతికిచ్చేటప్పుడు సన్‌రూఫ్ ఎలా తెరవాలో, ఫోనును తెరకు ఎలా కలపాలో చూపించిన షోరూము కుర్రవాడు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇది సున్నా మీద ఉండగా బండి నిండితే ఎదుటివాళ్లకు ప్రమాదం. పిల్లలు ఆడుకుంటూ మూడు మీద పెట్టేసిన ఖాళీ బండిని నడిపితే వెలుగు పాతిక, ముప్పై మీటర్లకే నేలకు తగిలి ప్రమాదం మనకే. ఏడు సీట్ల బళ్లలో చివరి వరుస వెనక చక్రాల దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ వాలు ఇంకా ఎక్కువ. అందుకే కుటుంబ ఎస్‌యూవీకి నేను అడిగే మొదటి ప్రశ్న ఎల్‌ఈడీయా కాదా అన్నది కాదు, బరువును బట్టి లైట్లు వాటంతటవే దిగే ఆటో లెవెలింగ్ ఉందా, లేకపోతే ఈ చక్రమైనా ఉందా అన్నది. ఐరోపా నిబంధనలు 2,000 ల్యూమెన్లు దాటే డిప్పర్ దీపాలకు ఆటో లెవెలింగ్‌ను చాలాకాలంగా తప్పనిసరి చేశాయి. మన మార్కెట్లో సన్‌రూఫ్‌కు ఇచ్చే ప్రాధాన్యంలో పదో వంతు కూడా దీనికి దక్కడం లేదు.

హాలోజన్ బండి ఉన్నవారికి మెకానిక్ షాపుల్లో ఒక సలహా దొరుకుతుంది. పాత బండికి నాకూ దొరికింది. “మేడమ్, ఈ బల్బులు తీసేసి ఎల్‌ఈడీ బల్బులు వేస్తా, రోడ్డు పట్టపగలులా ఉంటుంది.” దయచేసి ఎవరూ వినవద్దు. ఫిలమెంటు ఒక సన్నని తీగ, దాని చుట్టూ అన్ని దిక్కులకూ వెలుగు పోతుంది, రిఫ్లెక్టర్‌ను ఆ తీగ ఉండే చోటును బట్టి తీర్చిదిద్దుతారు. బయట అమ్మే ఎల్‌ఈడీ బల్బులో పలక మీద రెండు వైపులా అతికించిన చిప్పులుంటాయి. వెలుగు పుట్టే చోటు కొంచెం మారినా గోడ మీద గీత చెదిరిపోయి, కాంతి చెట్ల కొమ్మల్లోకీ ఎదుటివాళ్ల కళ్లలోకీ పోతుంది. 100/90 వాట్ల బల్బులు వేసుకునేవారిది ఇంకో తంటా: 60 వాట్లకు తట్టుకునేలా వేసిన వైర్లు, హోల్డర్లు ఆ వేడికి కరిగిపోతాయి. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం అయితే, దీపానికి 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచుకు అర మీటరు పక్కగా, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపనంతగా వెలుగు కిందికి వాలి ఉండాలని కొలతలతో సహా చెబుతోంది. ఆ మీటరున్నర ఎత్తు బైకు మీదున్న మనిషి కంటికీ, రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి కంటికీ దగ్గరగా వచ్చే ఎత్తు.

ఎదురుగా బండి వస్తే తనంతట తానే డిప్పర్‌లోకి మారే ఆటో హై బీమ్ ఇప్పుడు కొన్ని ఎస్‌యూవీల్లో వస్తోంది. ఆడి 2013లో ఏ8 కారుతో తెచ్చిన మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీ లాంటి దీపాలైతే, ఎదుటి బండి ఉన్న భాగాన్ని మాత్రమే చీకటి చేసి మిగతా రోడ్డంతా అప్పర్‌లోనే ఉంచుతాయి. అద్భుతమైన సాంకేతికత అది, సందేహం లేదు. కాని వీటి కెమెరా ముఖ్యంగా వెతికేది ఎదుటి బండి దీపాలను. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, లైటే లేని సైకిలు, నడిచివెళ్లే కూలీలు ఉన్న మన ఊళ్ల రోడ్ల మీద దానికే వదిలేసి కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఆ సౌకర్యం ఉంటే వాడుకుందాం, చెయ్యి మాత్రం లివర్ మీద ఉండాలి. అరకు, తిరుమల లాంటి ఘాట్ రోడ్లకు తరచూ వెళ్లేవారికి దీనికంటే మలుపులో పక్కకు వెలిగే కార్నరింగ్ దీపాలే ఎక్కువ అక్కరకు వస్తాయి.

వానలో ఎల్‌ఈడీ పనికిరాదు, పసుపు వెలుగే మేలు అని చాలామంది అంటారు. తడిసిన తారు రోడ్డు అద్దంలా మారి వెలుగును మన వైపు తిప్పి పంపకుండా ముందుకే జారవిడుస్తుంది, అందువల్ల ఏ లైటుకైనా తడి రోడ్డు నల్లగానే కనిపిస్తుంది. తేడా ఎక్కువగా వెలుగు పరచుకునే తీరులో ఉంటుంది. పొగమంచు సంగతి అలా కాదు. లంబసింగి దారిలో తెల్లవారుజామున అప్పర్ వేస్తే ముందు తెల్లటి గోడ లేస్తుంది, అక్కడ డిప్పరూ, కిందగా వెడల్పుగా వెలిగే ఫాగ్ దీపాలే దారి చూపిస్తాయి. వాటిని ఖర్చు తగ్గించడానికి తీసేసిన వేరియంట్లు చాలా ఉన్నాయి, చూసుకోవాలి.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. హాలోజన్ బల్బు పోతే వందల్లో అయిపోతుంది, ఊళ్లోనే దొరుకుతుంది. చాలా ఎల్‌ఈడీ హెడ్‌లైట్లను మాత్రం సీలు వేసి అమరుస్తారు. చిప్పు పోయినా, లోపలికి నీళ్లు చేరినా, మూత పగిలినా మొత్తం దీపాన్నే మార్చాలి, ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. ఒక్కో దీపం ధర ఎంతో, వారంటీ ఎన్నేళ్లో అడిగి రాయించుకోవడం మేలు. ఏ రకం దీపమైనా ఎండకు పైమూత బాగా పసుపెక్కితే వెలుగును సగానికి పైగా కూడా తినేయవచ్చు, కాబట్టి నీడన పెట్టుకోవడం, మూతను వారానికోసారి తుడుచుకోవడం కూడా అవసరమే. అరవై దాటిన మాలాంటి వాళ్ల కళ్లు ఎదుటి వెలుగుకు ఎక్కువ చెదురుతాయి, మళ్లీ తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు బండి నడిపేవారైతే వాళ్లనే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి లైట్లు చూపించాలి.

కొనేవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయన్నదే ప్రశ్న. డాలస్‌లో ఉండే మా తమ్ముడు ఎస్‌యూవీ కొనే ముందు, అక్కడి బీమా కంపెనీల తరఫున పనిచేసే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ ఇచ్చే హెడ్‌లైట్ రేటింగులు చూసుకున్నాడు. ఆ సంస్థ చీకటి పడ్డాక వర్జీనియాలోని తన ట్రాక్ మీద ప్రతి బండినీ తిన్నటి దారిలోనూ, ఎడమ కుడి మలుపుల్లోనూ నడిపి, 5 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) వెలుగు ఎంత దూరం పడుతోందో, ఎదుటివాడి కంట్లో ఎంత పడుతోందో కొలుస్తుంది. 2016లో ఈ రేటింగులు మొదలుపెట్టినప్పుడు 31 మధ్యతరహా కార్లలో ‘గుడ్’ అనిపించుకున్నది ఒక్కటే, ఖరీదైన కార్లు కూడా తప్పాయి. అదే ఏడాది చిన్న ఎస్‌యూవీలు 21 చూస్తే ఒక్కటీ ‘గుడ్’ కాలేదు. ఒకే మోడల్‌లో వేరియంటును బట్టి రేటింగు మారుతుందని కూడా అక్కడ విడివిడిగా చూపిస్తారు. పరీక్ష ఉందని తెలిసిన తర్వాత తయారీదారులు ఏటేటా దీపాలను మెరుగుపరిచారు. మనకు 2023 అక్టోబర్ నుంచి, బండిని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష అమల్లోకి వచ్చింది, దాని స్టార్లు చూసి కొనేవారు పెరిగారు, సంతోషం. కాని ఆ స్టార్లు గుద్దుకున్నప్పుడు పెద్దలకూ పిల్లలకూ దొరికే రక్షణను చూసి ఇచ్చేవి, రాత్రి వెలుగు ఎంత దూరం పడుతుందో వాటిలో లేదు. గుద్దుకోకుండా ముందే చూపించే దీపానికి కూడా ఒక కొలత కావాలని ప్రభుత్వాన్ని కోరవలసింది మనమే.

అంతవరకు కొనేవాళ్లం చేయగలిగింది చీకట్లో నడిపి చూడటమే. మా కొత్త బండి కొనేముందు రాత్రి టెస్ట్ డ్రైవ్ అడిగితే ఒక షోరూమువారు ఆరు దాటాక బండి బయటికి తీసేది లేదని చెప్పేశారు. ఇంకొక చోట మేనేజరు గారు కాసేపు ఆలోచించి, “రేపు ఏడున్నరకు రండి మేడమ్, నేనే వస్తా” అన్నారు. ఊరు దాటి దీపాల్లేని రోడ్డు మీదికి తీసుకువెళ్లి, ఒకే మోడల్‌లో రెండు వేరియంట్లూ ఒకదాని వెనక ఒకటి నడిపించారు. ఎడమ అంచున మైలురాయి ఎంత దూరంలో కనిపించడం మొదలవుతోందో చూసుకున్నాను, మా అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి ఆమె కళ్లకు ఎలా ఉందో అడిగాను, మలుపులో లోపలి అంచు కనిపిస్తోందా లేదా గమనించాను. అరగంటలో తేలిపోయింది. ఇంత మాత్రం నిండుగా నలుగురిని ఎక్కించుకొని కూడా చేసి ఉంటే, ఆ పెళ్లి రాత్రి బైకు దంపతులను మట్టిలోకి దించేదాన్ని కాదు.

అందుకే మీ పత్రికకు నాదొక విన్నపం. మీ వాహనాల పేజీలో కొత్త ఎస్‌యూవీని పరిచయం చేసినప్పుడల్లా దాన్ని ఒక రాత్రి కూడా నడిపించి, అందరూ కూర్చున్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ డిప్పర్ వెలుగు పది మీటర్ల దూరంలోని గోడ మీద ఎక్కడ పడిందో, ఆటో లెవెలింగ్ ఏ వేరియంట్ నుంచి మొదలవుతుందో, దీపం మార్చడానికి ఎంతవుతుందో నాలుగు వరుసల్లో అచ్చు వేయండి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. టేపు, సుద్దముక్క, చదునైన నేల, నలుగురు మనుషులు, ఒక బియ్యం బస్తా ఉంటే చాలు. మీ విలేకరి ఎవరైనా కోదాడ వైపు వస్తే, మా కమ్యూనిటీ హాలు గోడ మీద గీతలు ఇంకా చెరిపేయలేదు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
కోదాడ, సూర్యాపేట జిల్లా